సేయికిచి తాత పాతిన జాడీ

ఆ రోజు పొద్దున నోబుకో వేసుకున్న పథకం చాలా చిన్నది. మామగారి కథల్లో అయిదోదాన్ని వంట మొదలుపెట్టకముందే ఒకసారి చదివి, తప్పులు దిద్ది, మధ్యాహ్నం బజారుకు వెళ్లినప్పుడు అచ్చాఫీసులో ఇచ్చి రావాలి. అంతే. భూకంపాలు కూడా అంత చిన్నగానే మొదలవుతాయని ఆమెకు అప్పటికి తట్టలేదు.

మామగారు సేయికిచికి వచ్చే నెలలో తోకాచి పండుగ. హమాబారు పల్లెలో ఎనభై ఎనిమిదో ఏట అడుగుపెట్టిన మనిషికి ఆ రోజు చిన్నాపెద్దా వచ్చి దండం పెడతారు. బియ్యం బుట్టలో గుచ్చి ఉంచిన వెదురు కడ్డీ ఒకటి తీసుకుని ఇంటికి పోతారు. ముసలాయన ఆయుష్షు తమకూ కాస్త అంటుకుంటుందని ఆశ. ఈసారి కడ్డీతో పాటు ఒక చిన్న పుస్తకం కూడా చేతిలో పెట్టాలని నోబుకో పట్టుదల. సేయికిచి నోట్లో ఉన్న కథలు ఆయనతోనే పోతే ఆ ఇంట్లో ఇక మిగిలేవి చెరకు కత్తులూ, పాత రబ్బరు బూట్లూ మాత్రమే. అందుకని ఆమె మూడు నెలలుగా ఒక చిన్న రికార్డరు కొనుక్కుని, రోజూ వసారాలో ఆయన ఎదురుగా కూర్చుంటోంది.

కథలకు లోటు లేదు. సొరచేప తోకకు తాడు కట్టి పడవను ఒడ్డుకు లాగించిన కథ ఒకటి. పెనుగాలి కథ ఇంకొకటి. కొడుకు యసువో పుట్టిన మరుసటి ఏడాది సేయికిచి దక్షిణ సముద్రానికి చేపల ఓడ మీద పోయాడు. ఆయన లేనప్పుడు పెద్ద గాలి వచ్చి హమాబారులో ఒక్క ఇంటికీ కప్పు ఉంచలేదు. ఆయన తిరిగొచ్చేసరికి సగం ఊరు ఇంకా తాటాకు పరదాల కింద ఉంటే, తన ఇంటి కప్పు మాత్రం చెక్కు చెదరలేదు.

"గాలికి కూడా మనిషిని బట్టి మర్యాద తెలుసమ్మాయ్," అనేవాడు సేయికిచి. "ఇది ఎవరిల్లు అని అడిగి ఉంటుంది. నా పేరు వినగానే పక్కకు తప్పుకుంది."

ఆయన అలా చెబుతుంటే లోపల వంటింట్లో అత్తగారు కమాదో గిన్నెలు కడుగుతూ ఉండేది. పొయ్యి పక్కన గోడకు ఆనించి ఉన్న నల్లటి జాడీలోంచి సోయా ముద్ద గరిటెతో తీసి, చారులో కలుపుతూ ఉండేది. ఆ గరిటె జాడీ అంచుకు తగిలినప్పుడల్లా ఠంగుమని రికార్డరులో పడేది.

"అత్తయ్యా, కాస్త చప్పుడు ఆపండి. మామయ్య మాటలు వినిపించడం లేదు," అని కేకేసేది నోబుకో.

కమాదో చప్పుడు ఆపేది.

ఇక అయిదో కథ జాడీ కథ. అది ఊరందరికీ కంఠతా వచ్చు. యసువో పుట్టిన రోజున సేయికిచి అవమోరి సారా ఒక జాడీ నిండా కొని, పాత పందులదొడ్డి గోడ వెనక పాతిపెట్టాడట. జాడీ భుజం మీద మేకుతో ఒక తిమింగలం బొమ్మ గీశాడట. తోకాచి రోజున తీసి తాగుతానని శపథం. మొదట్లో ఆ జాడీ మోకాలెత్తు ఉండేది. యసువో బడికి పోయేనాటికి నడుమెత్తయింది. నోబుకో కోడలిగా వచ్చేనాటికి దాన్ని లాగడానికి రెండు దున్నపోతులు కావాల్సి వచ్చాయి. పాతిన చోటు కూడా వినేవాడిని బట్టి గోడ వెంట అటూ ఇటూ నడిచేది. పక్క పొలం తమనహా ముసలాయన, అంటే సేయికిచికి చిన్ననాటి నుంచీ స్నేహితుడూ శత్రువూ ఆయనే, ఆ కథ మొదలవగానే లేచి నిలబడి, "జాడీ లేదు, గీడీ లేదు. ఆ గోడ వెనక పందిపేడ తప్ప ఏమీ లేదు," అని చెప్పి కూర్చునేవాడు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా మానలేదు.

ఇక ఆ రోజు మధ్యాహ్నం నోబుకో కథ కాగితాలు చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుండగా ఫోను మోగింది. కాగితాలు బూట్ల బీరువా మీద పెట్టి లోపలికి పరిగెత్తింది. అదే బీరువా మీద ఆ వారం ఊరంతా తిప్పాల్సిన నోటీసులు కూడా ఉన్నాయి. ఎలుకల మందు ఎప్పుడు చల్లుతారో ఒకటి, కాలవ గట్టు మీద గడ్డి కోతకు ఎవరెవరు రావాలో ఇంకొకటి. ఈ ఏడు వాడకట్టు బాధ్యత వాళ్లింటిదే. నోటీసుల అట్ట వాళ్ల గుమ్మం నుంచే బయలుదేరుతుంది.

ఫోను చెవికి ఆనించుకునే ఆమె మొగుణ్ని కేకేసింది. "ఏమండీ, ఆ బీరువా మీది కాగితాలు అట్టకు తగిలించి పక్కింట్లో ఇచ్చేయండి!"

యసువో చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి. బీరువా మీద ఉన్నవన్నీ దొంతిగా పేర్చి, అట్టకు తగిలించి, పొలానికి పోతూ పక్కింటి గేటుకు వేలాడదీశాడు.

ఆ అట్ట మహిమ తెలియనివాళ్లకు చెప్పాలి. అది ఇంటికి వస్తే చదవాలి, అడుగున ఇంటి ముద్ర వేయాలి, పక్కింటికి చేరవేయాలి. అది ఎందుకొచ్చింది, ఎవరు పంపారు అని అడగడం హమాబారులో ఎవరికీ అలవాటు లేదు. అట్ట మీద వచ్చిందంటే నిజమే, జరగాల్సిందే. ఒకసారి ఎవరో పొరపాటున చలవ బట్టల చీటీ తగిలిస్తే అయిదారు ఇళ్లవాళ్లు బుద్ధిగా ముద్రలు వేశారు. చివరి ఇంటాయన పోయి కోటు తెచ్చుకున్నాడు కూడా.

నోబుకో సాయంత్రం దాకా కాగితాల కోసం ఇల్లంతా తిరగేసింది. వారం తిరక్కుండానే అవి వాటంతటవే గేటుకు వేలాడుతూ ఇంటికొచ్చాయి.

పైన నోబుకో చేత్తో రాసిన పండుగ తేదీ. అడుగున, ఆమె ఒక్క అక్షరం మార్చకుండా దింపిన మామగారి మాటలు: "తోకాచి రోజున ఊరందరి ఎదుటా ఆ జాడీ తవ్వి తీస్తాను. ఇంటికొక గిన్నె. రానివాడు నా సారా రుచి చూసే మొహం కాదు." దాని కింద వరసగా ఎర్రటి ముద్రలు. ముద్రల పక్కన మాటలు. 'ఇద్దరం వస్తాం. పంది మాంసం తెస్తాం.' 'మా గడ్డపార వాడుకోవచ్చు.' 'మా అల్లుడు కూడా వస్తాడు. తాగడు, తవ్వుతాడు.' పల్లె పెద్ద గిబో అయితే, 'పల్లెసావిడి మైకు, గుడారం మంజూరు' అని రాసి రెండు ముద్రలు వేశాడు. అన్నిటికన్నా అడుగున తమనహా ముద్ర తలకిందులుగా ఉంది. పక్కనే ఆయన వంకర రాత: 'జాడీ లేదు. అయినా వస్తాను.'

నోబుకో అట్టను పట్టుకుని లోపలికి పరిగెత్తింది. అన్నం తింటున్న మొగుడి ముందు అట్ట పెట్టింది.

"ఇది మీరు తగిలించారా?"

"నువ్వే కదా తగిలించమన్నావు?"

"తగిలించే ముందు ఒకసారి చదవరా?"

"అట్టను ఎవరు చదువుతారే?"

"ఊరంతా చదివింది!"

యసువో చదివాడు. నములుతున్నది నమలడం మానేశాడు. "మా నాన్న జాడీ..." అని నీళ్లు నమిలాడు. "అది ఉందంటావా?"

"మీరు పుట్టినప్పుడు పాతింది. మీకు తెలియదా?"

"అప్పుడు నాకు చూపు సరిగా ఆనలేదు," అన్నాడు యసువో.

నోబుకో ఆ మధ్యాహ్నమే పల్లెసావిడికి పరిగెత్తింది. పొరపాటు జరిగిందని, అది నోటీసు కాదు, పుస్తకంలో కథ అని మొత్తుకుంది. గిబో కళ్లజోడు సవరించుకుని ఎంతో మర్యాదగా విన్నాడు.

"చూడమ్మా నోబుకో, ముద్రలు పడ్డాయి. పడ్డ ముద్రను ఎలా తీస్తాం? పైగా నేను పక్క పల్లెకు చెప్పేశాను. వాళ్ల డప్పుల బృందం ఊరికే వస్తామంటోంది. పట్నంలో సారా సంఘంవాళ్లకు ఫోను చేశాను. అంత పాత సారా ఈ జిల్లాలోనే లేదట. రుచి చూడ్డానికి మనిషిని పంపుతామన్నారు. ఆయనకు బస కూడా చూశాను."

"గిబో గారూ, జాడీ లేకపోతే?"

"అట్ట మీద ఉంది కదమ్మా," అన్నాడు గిబో.

ఈ గొడవలో సంతోషించినవాడు సేయికిచి ఒక్కడే. అట్టను ఒళ్లో పెట్టుకుని, ముద్రలు ఒక్కొక్కటీ వేలితో తడుముతూ రెండు రోజులు ఊరేగాడు. "చూశావా అమ్మాయ్? ఇన్నాళ్లకు బుద్ధి వచ్చింది వీళ్లకు. తమనహా గాడి ముద్ర తలకిందులుగా ఉందేం? చెయ్యి వణికి ఉంటుంది, అసూయతో." ఆ మర్నాడు మధ్యాహ్నం ఊరంతా కునుకు తీసే వేళ, ఆయన పార భుజాన వేసుకుని పందులదొడ్డి వైపు వెళ్లడం నోబుకో వంటింటి కిటికీలోంచి చూసింది. ముందుగా ఒకసారి పలకరించి వద్దామనుకున్నాడో ఏమో.

తిరిగొచ్చేసరికి ఆయన మోకాళ్లకు మట్టి. కాళ్లు కడుక్కోకుండానే వసారాలో కూర్చున్నాడు. నోబుకో రికార్డరు తెచ్చి ఎదురుగా పెట్టింది.

"ఇవాళ వద్దమ్మాయ్."

మర్నాడూ వద్దన్నాడు. ఆ మర్నాడు రికార్డరు వంక కూడా చూడలేదు. పొద్దున లేస్తే వీధిలో పోయేవాణ్ని పిలిచి మరీ కథ చెప్పే మనిషి, తమనహా గేటు దగ్గర నిలబడి "జాడీ లేదురా!" అని అరిచినా తలెత్తలేదు. ఆ మౌనానికి తమనహాకే భయం వేసి, గొంతు తగ్గించి, "లేకపోతే లేదులే," అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

నాలుగో రోజు ముసలాయన తనంతట తానే నోరు విప్పాడు.

"అమ్మాయ్, ఆ సొరచేప సంగతి... అది నాకే జరిగిందా? ఎవరో చెప్పింది విని నేను చెబుతున్నానా?"

"మీకే జరిగింది మామయ్యా. మీరే కదా చెప్పారు."

"నేను చెప్పాను. అదే కదా భయం." ఆయన చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకుని చూసుకున్నాడు. "గోడ వెనక గుర్తు రాయి నేనే పెట్టాను. అది అక్కడే ఉంది. దాని కింద తవ్వాను. మట్టి తప్ప ఏమీ లేదు. జాడీని కాస్త పెంచి చెప్పి ఉంటాను, కాదనను. కానీ పాతాననుకున్నానమ్మాయ్. ఈ చేతులతో పాతినట్టు ఉంది నాకు. అదే లేనప్పుడు తక్కినవన్నీ ఎక్కణ్నించి వచ్చాయి? ఆ పుస్తకం ఆపెయ్. నేనే నమ్మని పుస్తకం ఊరికి పంచకు."

నోబుకో రికార్డరు ఆపేసింది. ఆ క్షణంలో ఆమెకు పుస్తకం మీద బెంగ పోయింది. మనిషి మీద బెంగ పట్టుకుంది. ఆయన కథలు అబద్ధాలైనా ఫరవాలేదు గానీ, ఆయనకే అవి అబద్ధాలనిపిస్తే ఆ వసారాలో ఇక కూర్చునేది ఎవరు?

మర్నాడు పొద్దున సేయికిచి ఊరి ముసలాళ్లతో గేటుబాలు ఆటకు వెళ్లగానే ఆమె ఉప్పు జాడీ ఒకటి ఖాళీ చేసి, కడిగి, ఇంట్లో ఉన్న అవమోరి సీసాలన్నీ అందులో వంచింది. మూత సరిపోక, మిగిలిన కూరల మీద కప్పే పల్చటి ప్లాస్టిక్ కాగితం బిగించి రబ్బరు బ్యాండు వేసింది. గోడకు తూర్పు చివరన పాతింది. ఆమెకు మామగారు చెప్పిన చోటు అదే. పాతుతున్నప్పుడు పడమటి వైపు మట్టి కాస్త కదిలినట్టు కనిపించింది. అడవిపందులు కెలికి ఉంటాయిలే అనుకుంది.

ఆ రోజుల్లోనే ఆ ఇంట్లో వింతలు ఇంకొన్ని జరిగాయి. యసువో గడ్డి కోతకు వెళ్లి గోళ్ల నిండా ఎర్రమట్టితో తిరిగొచ్చాడు. చనిపోయిన పెద్దల పీట మీద నైవేద్యం పెట్టే చిన్న సారా కూజా మాయమైంది. నోబుకో ఇల్లంతా వెతికింది. "పోనీలే, మన పెద్దలు నాలుగు రోజులు ఉపవాసం ఉంటారు," అంది కమాదో, చారు రుచి చూస్తూ. పందులదొడ్డి వెనక అడవిపందులు మరీ పెచ్చుమీరినట్టున్నాయి. గోడ వెంట ఎక్కడ చూసినా కొత్త మట్టే.

తోకాచి రోజు రానే వచ్చింది. గుడారం వేశారు. డప్పుల బృందం దిగింది. పంది మాంసం గిన్నెలు వరసగా చేరాయి. బియ్యం బుట్టలో వెదురు కడ్డీలు నిలబడ్డాయి. సారా సంఘం మనిషి కోటు తొడుక్కుని, తెల్లటి చిన్న గిన్నె ఒకటి జేబులోంచి తీసి తుడుచుకుంటూ ముందు వరసలో కూర్చున్నాడు. పసుపు పట్టుబట్టలు కట్టిన సేయికిచి, పెళ్లి ఇష్టం లేని పెళ్లికొడుకులా తల వంచుకుని ఉన్నాడు.

"ఇప్పుడు తవ్వకం!" అని మైకులో ప్రకటించాడు గిబో.

తాగని అల్లుడు గడ్డపారతో సిద్ధమయ్యాడు. సేయికిచి నెమ్మదిగా నడిచి గుర్తు రాయి చూపించాడు. రెండు పోట్లకే ఏదో తగిలింది. బయటికి తీస్తే అరచేతిలో పట్టేంత నల్ల కూజా. నోబుకో చప్పున గుర్తుపట్టింది. అది పెద్దల పీట మీద కూజా. మామగారి వంక చూసింది. ఆయన ఆకాశం వంక చూస్తున్నాడు.

"ఎండకు కుంచించుకుపోయిందేమో!" అని ఎవరో అన్నారు. నవ్వు మొదలైంది.

"అది కాదు, తూర్పు చివర తవ్వండి!" అంది నోబుకో గొంతు పెంచి. "మామయ్య నాతో తూర్పు అనే చెప్పారు!"

అల్లుడు తూర్పున తవ్వాడు. జాడీ తేలింది. ఊరంతా ఆహా అంది. గిబో దాన్ని రెండు చేతులా ఎత్తి మైకు ముందుకు తెచ్చాడు. "ఎంతో పురాతనమైన... రబ్బరు బ్యాండు," అని, మైకు తెరిచి ఉందని మరిచిపోయి, "ఇదేమిటోయ్, మా ఇంట్లో పెరుగు మీద కప్పే కాగితం లాగుంది," అన్నాడు.

"పడమర!" అని అరిచాడు యసువో, భార్య మొహం చూడలేక. "నాన్న నాతో ఎప్పుడూ పడమర అనేవాడు!"

పడమర తవ్వితే ఇంకొకటి. ఇది మరీ నిగనిగలాడుతోంది. సారా సంఘం మనిషి అడుగు భాగం తిప్పి చూసి, దుకాణం చీటీ ఒకటి గోటితో గీకి తీసి, మడిచి, మర్యాదగా యసువో చేతిలో పెట్టాడు. నవ్వులకు గుడారం తాళ్లు ఊగాయి. డప్పులవాళ్లు ఇదే సందర్భమనుకుని ఒక దరువు వేశారు కూడా.

"మధ్యలో కూడా ఒక పోటు వెయ్యరా అబ్బాయ్," అంది ఒక గొంతు. ఎవరా అని అందరూ తిరిగారు. తమనహా. గోడ అవతల తన పొలంలో నిలబడి, గడ్డం గోడ మీద ఆనించి ఉన్నాడు. "గోడకు బాగా దగ్గరగా. నెమ్మదిగా. పగలగొట్టావంటే చంపుతాను."

నాలుగోది వచ్చింది. దాని మట్టి పాతదే, మూతకు చుట్టిన గుడ్డ పాతదే. సారా సంఘం మనిషి తెల్ల గిన్నెలో చుక్క పోసుకుని, నాలుక మీద వేసుకుని, కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు తెరవలేదు. తెరిచాక, "ఇది మాత్రం నిజంగా పాతది. చాలా పాతది," అన్నాడు.

ఊరు చప్పట్లు కొట్టింది. నోబుకోకు కన్నీళ్లు వచ్చాయి. ఇక్కడితో ఆగినా బాగుండేది. సేయికిచి జాడీ దగ్గరకు వచ్చి, చుట్టూ తిరిగి, భుజం మీద మట్టి బొటనవేలితో తుడిచాడు. ఇంకోవైపూ తుడిచాడు.

"ఇది నాది కాదు," అన్నాడు.

"నీదే అనుకోరా, పీడా పోతుంది!" అన్నాడు తమనహా గోడ మీంచి.

"నాది కాదు. నా దాని మీద తిమింగలం ఉంటుంది." ఆయన ఊరివాళ్ల వైపు తిరిగాడు. గొంతు మామూలుగానే ఉంది. "నేను పాతాననుకున్నాను. పాతలేదు కాబోలు. మీ అందరికీ శ్రమ ఇచ్చాను. మాంసం తినేసి వెళ్లండి."

డప్పులవాళ్లు కర్రలు కిందికి దించారు. గిబో మైకును చేత్తో మూశాడు.

ఆ నిశ్శబ్దంలో వంటింట్లోంచి ఠంగుమని గరిటె చప్పుడు వినబడింది. వెనకే కమాదో గొంతు. "తిమింగలమట, తిమింగలం! చూసినవాడెవడైనా దాన్ని తిమింగలం అంటాడా?"

కమాదో గుమ్మంలోకి వచ్చింది. చంకన వంటింటి జాడీ. సగం సోయా ముద్దతో బరువుగా ఉంటే ఇంకో ఆడమనిషి కింద చెయ్యి వేసింది. దాన్ని జనం మధ్య దింపి, ఇన్నేళ్లుగా గోడవైపున్న పక్కను ఇటు తిప్పి, పొగమసిని వంటగుడ్డతో గట్టిగా రుద్దింది.

మసి కింద మేకు గీతలు బయటపడ్డాయి. ఒక చేప. వేలెడు మత్తి చేప అంత ఉంది. నవ్వుతున్నట్టు కూడా ఉంది.

సేయికిచి దాన్ని చూశాడు. భార్యను చూశాడు. "ఇది నా జాడీ," అన్నాడు. "ఎక్కణ్నించి వచ్చింది?"

"మీరు పెట్టిన చోటి నుంచే. రాయి కింది నుంచి. రోజూ పొద్దున ఇందులోంచే మీకు చారు పోస్తున్నాను. వంటింట్లో ఒక్కసారి అడుగు పెడితే కదా కనపడ్డానికి!"

"ఎప్పుడు తవ్వావు?"

"గాలి వచ్చిన ఏడు. మీరు దక్షిణాన చేపలు పడుతున్నారు. ఇంటి కప్పు సముద్రంలో ఉంది. నా చంకలో వీడున్నాడు." యసువో వైపు గడ్డంతో చూపించింది. "ఊళ్లో ప్రతి ఇల్లూ కప్పులేనిదే. పనివాళ్లు ఎవరింటికి ముందు వస్తారు? సారా ఉన్న ఇంటికి వస్తారు. తవ్వాను, పోశాను. సారా అయ్యేలోపు కప్పు అయిపోయింది. తమనహా అన్నయ్య పైకెక్కి పెంకులు పరిచాడు. జాడీలో సగం ఈయనే తాగాడు."

"సగం కాదు చెల్లెమ్మా," అన్నాడు తమనహా గోడ మీంచి. "మూడోవంతు. కిందికి దిగేటప్పుడు కొంత ఒలికింది."

సేయికిచి గోడ వైపు తిరిగాడు. "నువ్వు తాగావా? తాగి, ఇన్నేళ్లూ జాడీ లేదని నన్నే..."

"లేదు కనుకే లేదన్నాను! నీ పెళ్లాం ఒట్టు వేయించుకుంది, నువ్వు అడిగేదాకా నోరు విప్పొద్దని. నువ్వేమో పున్నమికొకసారి తవ్వుతా తవ్వుతా అంటావు. నేను వెక్కిరించకపోతే ఎప్పుడో తవ్వేవాడివి. ఒక్కరోజు కూడా సెలవు లేకుండా కాపలా కాశాను. పైగా మొన్న అంత నోరు మూసుకుని కూర్చున్నావు. నాకు తిండి సయించలేదు. మా నాన్న దాచిన జాడీ తెచ్చి పాతాను. తాగింది తిరిగి పోశాను, చెల్లు!"

"మరి నాకెందుకు చెప్పలేదే?" అని భార్యనడిగాడు సేయికిచి.

"మీరు అడిగారా? ఓడ దిగి వచ్చారు. కప్పు చూశారు. ఇది ఎవరు కట్టారే అని అడుగుతారని గుమ్మంలో నిలబడి ఉన్నాను. గాలికి నేనంటే భయం అన్నారు. ఇక అదే కథ. ఇప్పుడు పుస్తకంలోకి కూడా ఎక్కుతోంది. మధ్యలో నన్ను పిలిచి అడిగింది ఒక్కటే, గరిటె చప్పుడు ఆపమని. ఆపాను."

నోబుకో మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెదురు కడ్డీల బుట్ట సర్దింది.

సేయికిచి అదేమీ వినడం లేదు. జాడీ ముందు మోకాళ్ల మీద కూర్చుని, మేకు గీతల వెంట వేలు నడిపిస్తున్నాడు. చేప తోక దగ్గర వేలు ఆగింది. "ఇక్కడ మేకు జారింది," అన్నాడు. "జారితే నా బొటనవేలు తెగింది. యసువో అప్పుడే ఏడ్చాడు లోపల." ఆయన తల ఎత్తాడు. నాలుగు వారాలుగా ముడుచుకుపోయిన మొహం నెమ్మదిగా విచ్చుకుంది. "పాతాను అమ్మాయ్! నేను పాతాను! రాసుకో!"

"రాసుకుంటాను మామయ్యా."

"తక్కినవన్నీ కూడా నిజమే అన్నమాట. సొరచేపా, తాడూ..."

"సొరచేప సంగతి నన్నడగమను," అంది కమాదో కోడలితో.

ఊరు గొల్లుమని నవ్వింది. ఈసారి ముసలాయన కూడా నవ్వాడు. డప్పులు మోగాయి. తమనహా గోడ దూకబోయి, వయసు గుర్తొచ్చి, చుట్టూ తిరిగి గేటులోంచి వచ్చాడు. ఆయన జాడీలో సారా ఇంటికొక గిన్నె చొప్పున సరిగ్గా సరిపోయింది. నోబుకో జాడీ, యసువో జాడీ డప్పులవాళ్లు చూసుకున్నారు. చిన్న కూజాను మాత్రం కడిగి నింపి పెద్దల పీట మీద పెట్టారు. వాళ్లూ చాలా రోజుల నుంచి ఎదురుచూస్తున్నారు.

మర్నాడు పొద్దున నోబుకో రికార్డరు తీసుకుని వసారా దాటి నేరుగా వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చుంది. అచ్చాఫీసుకు ఇవ్వాల్సిన కాగితాలు పక్కన పెట్టింది. పండుగ ఎలాగూ దాటిపోయింది. పుస్తకానికి ఇక తొందరేమీ లేదు.

"అత్తయ్యా, మొదటి నుంచి చెప్పండి. మీ పుట్టిల్లు దగ్గర్నుంచి."

కమాదో గరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంది. నోరు తెరవబోయి, ఆగి, వసారా వైపు చూసింది. అక్కడ సేయికిచి దారిన పోయే ఇద్దరిని ఆపి, గొంతెత్తి ఏదో చెబుతున్నాడు.

"ముందు ఆయన్ను చప్పుడు ఆపమను," అంది.

నోబుకో లేచి వెళ్లి చూసింది. ముసలాయన పందులదొడ్డి వైపు చెయ్యి చాపి, తన పెరట్లో మట్టి ఎంత సారవంతమైనదంటే ఆనాడు తాను ఒక్క జాడీ పాతితే నిన్న నాలుగు మొలిచాయని చెబుతున్నాడు.